లోకానికొక రక్షకుడా, లోకాలన్నిటికీ ఒక్కడేనా?

పంతొమ్మిదో శతాబ్దంలో, 1857 తిరుగుబాటుకు ముందు, ఢిల్లీ ముస్లిం పండితుల మధ్య ఒక వాదం చాలా పట్టుదలగా సాగింది. దేవుడు సర్వశక్తిమంతుడు గనుక, తలచుకుంటే ముహమ్మద్ ప్రవక్తతో సరిసమానుడైన మరొకరిని సృష్టించగలడని షా ఇస్మాయిల్ దెహ్లవీ పక్షం వాదించింది. అంతిమ ప్రవక్త అన్న మాటలోనే రెండోవారికి చోటు లేదన్న అర్థం ఉంది గనుక అది అసంభవమని ఫజ్లే హక్ ఖైరాబాదీ పక్షం బదులు చెప్పింది. ఖైరాబాదీ తన మిత్రుడైన కవి మీర్జా గాలిబ్‌ను తమ పక్షాన ఫార్సీలో ఒక మస్నవీ, అంటే ద్విపదల్లో సాగే దీర్ఘ కవిత, రాసిపెట్టమని కోరాడు. గాలిబ్ రాశాడు గాని, మధ్యలో తనదైన దారి ఒకటి తీశాడు. ఈ లోకంలో రెండో అంతిమ ప్రవక్త ఉండడన్నది నిజమే గాని, దేవుడు వేరొక లోకాన్ని సృష్టించదలిస్తే ఆయనకు అడ్డేమిటి, ఎక్కడెక్కడ ఒక లోకపు సందడి ఉంటుందో అక్కడక్కడ ఆ లోకానికి కారుణ్యమూర్తి అయిన ఒక ప్రవక్త కూడా ఉంటాడు కదా అన్నాడు. ఖైరాబాదీ ఒప్పుకోలేదు. అప్పుడు గాలిబ్ తన మాటను తానే సవరించుకుని, రెండు వందల లోకాలున్నా అంతిమ ప్రవక్త ఒక్కడే అన్న అర్థం వచ్చే పాదాలు చేర్చాడు. గాలిబ్ శిష్యుడు హాలీ రాసిన జీవిత చరిత్రలో ఈ వృత్తాంతం ఉంది.

దీనికి సుమారు నాలుగు వందల ఏళ్ళ ముందు, ఫ్రాన్సులో గియోమ్ ద వోరుయోఁ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఇదే ముడిని క్రైస్తవం వైపు నుంచి విప్పబోయాడు. మరొక లోకం ఉండి అందులో బుద్ధి గల జీవులు ఉంటే వారు ఆదాము సంతతి కారు, కనుక ఆదాము పాపం వారికి అంటదు అన్నాడు. మరి వారికి విమోచన అవసరమైతే, క్రీస్తు ఈ భూమి మీద పొందిన మరణం వారికి కూడా చెల్లుతుందా? చెల్లుతుంది, లోకాలు అనంతంగా ఉన్నా చెల్లుతుంది, అయితే ఆయన మరో లోకానికి వెళ్ళి మళ్ళీ మరణించడం మాత్రం తగదు అని తేల్చాడు.

ఈ ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విన్నవారు కారు. అయినా ఇద్దరూ ఆగింది ఒకే చోట. గ్రహాంతర జీవులు ఉన్నారని తేలితే మతాలన్నీ కూలిపోతాయని మనలో చాలామంది చులకనగా అనేస్తారు. నేను ఈ విషయం చదువుతున్న కొద్దీ ఆ మాట రెండు వేరు వేరు ప్రశ్నలను కలగలిపేస్తోందని నాకు స్పష్టమవుతూ వచ్చింది. దేవుడున్నాడా అన్న ప్రశ్నను గ్రహాంతర జీవి దాదాపు ముట్టుకోడు. అనంత విశ్వాన్ని సృష్టించినవాడు ఒక్క గ్రహం మీదే జీవం పెట్టి ఊరుకోవాలని ఏ మతమూ పట్టుబట్టలేదు. ఆ జీవి అడిగే ప్రశ్న వేరు. మీ మతానికి కేంద్రమైన ఆ సంఘటన, ఆ వ్యక్తి, ఆ గ్రంథం, ఆ పుణ్యభూమి మాకు కూడా వర్తిస్తాయా, వర్తించేట్టయితే మేము లేని చోట మా కోసం జరిగినదాన్ని మా సొంతమని మేము ఎలా అనుకోవాలి అని అడుగుతాడు. కాబట్టి ఏ మతం తన కేంద్రాన్ని ఒక చోటికీ ఒక తేదీకీ ఎంత గట్టిగా కట్టుకుందో ఆ మతానికి ఈ ప్రశ్న అంత బరువైనది.

బయటివారు అనుకునేదానికీ విశ్వాసులు చెప్పేదానికీ ఉన్న తేడా ఒక సర్వేలో కూడా బయటపడింది. అమెరికాకు చెందిన క్రైస్తవ వేదాంతి టెడ్ పీటర్స్ 2008లో వివిధ మతాలవారినీ ఏ మతమూ లేనివారినీ కలిపి 1,300 మందికి పైగా ప్రశ్నించాడు. గ్రహాంతర మేధస్సు కనబడితే తమ విశ్వాసం కూలుతుందని మతస్థుల్లో చాలా కొద్దిమందే అన్నారు. మతాలకు గండం తప్పదని ఎక్కువగా అన్నవారు మతం లేనివారు, అదీ ఇతరుల మతాల గురించి.

క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్నకు తలుపు తెరిచింది ఒక నిషేధాజ్ఞ కావడం గమనించదగ్గది. విశ్వానికి ఒకే కేంద్రం, ఒకే భూమి అన్నది అరిస్టాటిల్ సిద్ధాంతం. పదమూడో శతాబ్దపు పారిస్ విశ్వవిద్యాలయంలో ఆ తత్వవేత్త మాటకు ఉన్న పలుకుబడి మతాధికారులను కలవరపెట్టింది. 1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎటియెన్ తాంపియే 219 ప్రతిపాదనలను ఖండిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆదికారణమైన దేవుడు అనేక లోకాలను సృష్టించలేడన్న ప్రతిపాదన వాటిలో ఒకటి. అనేక లోకాలు ఉన్నాయని బిషప్ చెప్పలేదు, లేవని చెప్పి దేవుడి చేతులు కట్టేయవద్దన్నాడు. ఆ తర్వాత 1440లో నికోలస్ ఆఫ్ క్యూసా ఇతర నక్షత్ర మండలాల్లో నివసించేవారు ఉండవచ్చని రాశాడు, ఎనిమిదేళ్ళకు కార్డినల్ అయ్యాడు. 1600లో రోములో సజీవదహనమైన జొర్దానో బ్రూనో పేరే అందరికీ గుర్తుంటుంది. ఆయన మీద మోపిన నేరాల్లో అనంత లోకాల వాదం ఒకటి మాత్రమే, క్రీస్తు దైవత్వాన్నీ త్రిత్వాన్నీ కాదన్నాడన్న ఆరోపణలు కూడా ఉన్నాయి. నికోలస్‌ను మరచిపోయి బ్రూనోను మాత్రమే తలచుకుంటే ఈ చరిత్ర సగమే తెలుస్తుంది.

అసలు చిక్కు అవతారం దగ్గర వస్తుంది. దైవ వ్యక్తి ఒకటి కంటే ఎక్కువ మానవ దేహాలను ధరించగలడా అన్న ప్రశ్నకు పదమూడో శతాబ్దపు కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ గలడనే జవాబిచ్చాడు, అనంతమైనదాన్ని ఒక సృష్టి వస్తువు పూర్తిగా పట్టి ఉంచలేదన్నది ఆయన కారణం. ప్రొటెస్టంట్ ఉద్యమ నాయకుడు లూథర్ సహచరుడైన మెలాంక్‌తన్ దీనికి ఎదురు నిలిచాడు. దేవుని కుమారుడు ఒక్కడే, ఒక్కసారే మరణించి ఒక్కసారే లేచాడు గనుక, ఆయన పదే పదే మరణించిన అనేక లోకాలను ఊహించడమే తప్పన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోకి 1794లో థామస్ పెయిన్ తన పదునైన వాదాన్ని దింపాడు. లోకాలు అనేకం అని నమ్మేట్టయితే, ఆ కుమారుడు ఒక లోకం నుంచి మరో లోకానికి ప్రయాణిస్తూ, ఎడతెగని మరణాల పరంపరలో బతకడానికి క్షణం తీరిక లేకుండా ఉండాలి కదా, కాబట్టి అనేక లోకాలనూ క్రైస్తవాన్నీ కలిపి నమ్మేవాడు రెండింటినీ సరిగా ఆలోచించనివాడే అన్నాడు. దీనికి స్కాట్లండ్ ప్రబోధకుడు థామస్ చామర్స్ 1817లో అచ్చయిన ఖగోళ ప్రసంగాల్లో జవాబు చెప్పాడు. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల అధిపతి విలియం హ్యూవెల్ మాత్రం ఆ వాదం బరువును గుర్తించి, 1853లో ఇతర లోకాల్లో బుద్ధి గల జీవులు ఉన్నారనడానికి శాస్త్రీయ ఆధారమే లేదని ఒక పుస్తకం రాశాడు. అంతకుముందు ఆయన అభిప్రాయం ఇందుకు భిన్నం. విశ్వాసం కోసం శాస్త్రాన్ని వక్రీకరించాడని అనేవారున్నారు గాని, నక్షత్రాల గురించీ గ్రహాల వాతావరణాల గురించీ ఆయన అడిగిన ప్రశ్నలు ఆ కాలానికి చాలా నిజాయితీ గలవి. 1913లో ఇంగ్లీషు కవయిత్రి ఆలిస్ మేనెల్ ఈ చిక్కును మరోవైపు నుంచి చూసింది. ఇతర గ్రహాల మీద ఆయన ఏ రూపంలో నడిచాడో మనకు తెలియదు, ఒకనాటికి అన్ని లోకాలూ తమ తమ సువార్తలను ఒకచోట చదువుకుంటాయని ఒక కవితలో ఊహించింది. గాలిబ్ మొదట రాసి తర్వాత సవరించుకున్న ఆలోచన ఇది.

వేదాంతులు సూత్రాలతో తూచిన ఈ ప్రశ్నను మనుషుల మీద పెట్టి చూసింది సైన్స్ ఫిక్షన్. వేదాంతికి ఆధారం లేని విషయంలో మౌనంగా ఉండే హక్కు ఉంది. కథకుడికి అది లేదు, ఓడ దిగిన పాత్ర ఏదో ఒకటి చేయాలి. అందుకే ఈ రంగంలో గట్టి ఆలోచన చాలాభాగం కథల్లోనే జరిగిందని నా నమ్మకం. సి. ఎస్. లూయిస్ 1938లో మొదలుపెట్టిన మూడు నవలల వరుసలో భూమి మౌనగ్రహం. మిగిలిన గ్రహాలు పతనం కాలేదు, పాపం మన దగ్గరే పుట్టింది, మన చుట్టూ గిరి గీసి ఉంది. 1943 నాటి రెండో నవలలో శుక్రగ్రహం మీద అప్పుడే సృష్టి పొందిన ఆదిదంపతులు ఉంటారు, వారిని పతనం నుంచి కాపాడడమే భూమి నుంచి వెళ్ళినవాడి పని. అక్కడ పుట్టిన కొత్త జీవులు మానవ రూపంలో ఉండడానికి లూయిస్ చెప్పే కారణం, దేవుడు భూమి మీద మానవుడైన తర్వాత బుద్ధి గల ఏ కొత్త జీవీ మరో రూపం తీసుకోలేదన్నది. అంటే సంఘటన ఒక్కసారే, ఒక్కచోటే జరిగింది గాని, దాని ఫలితం విశ్వమంతటికీ పాకింది. వోరుయోఁ చెప్పిన దానికి ఇది కథారూపం. నవలల బయట రాసిన వ్యాసంలో లూయిస్ మరింత భయంతో మాట్లాడాడు. మనం అక్కడికి ఏ సువార్త తీసుకువెళతామన్నదాని కంటే, మన తుపాకులనూ మన రోగాలనూ తీసుకువెళతామన్నదే ఆయనకు దిగులు.

జేమ్స్ బ్లిష్ 1958 నవల దీనికి పూర్తిగా తిరగేసిన ప్రశ్న వేస్తుంది. రూయిజ్ సాంచెజ్ అనే ఫాదరీ, జెస్యూట్లనే కాథలిక్ సన్యాసి సంఘానికి చెందినవాడు, జీవశాస్త్రవేత్త కూడా, లిథియా అనే గ్రహం మీద పరిశోధన బృందంలో ఉంటాడు. అక్కడి జీవులకు నేరం తెలియదు, అసూయ తెలియదు, పరిపూర్ణమైన నీతితో జీవిస్తారు. వారికి దేవుడు కూడా తెలియదు, ఆ అవసరమూ వారికి కలగలేదు. పతనం కాని లోకం కదా, సంతోషించాలి. ఆ ఫాదరీ మాత్రం భయపడతాడు, దేవుడు లేకుండా నీతి సాధ్యమని మనిషికి నిరూపించి చూపేందుకు సైతాను పన్నిన వల ఈ గ్రహం అనుకుంటాడు. అలా అనుకోవడమే అతన్ని దోషిని చేస్తుంది, ఎందుకంటే సైతాను సృష్టించగలడని నమ్మడం కాథలిక్ సిద్ధాంతం ప్రకారం పెద్ద మతద్రోహం. చివర్లో అతడు దూరం నుంచే ఆ గ్రహం మీద భూతోచ్చాటన మంత్రాలు పఠిస్తాడు, అదే సమయానికి అక్కడ మరో శాస్త్రవేత్త చేసిన ప్రయోగం వికటించి గ్రహం పేలిపోతుంది. పేల్చింది మంత్రమా ప్రయోగమా అన్నది పాఠకుడు ఎన్నటికీ తేల్చుకోలేడు. ఈ నవల చదివినప్పుడల్లా నన్ను పట్టి నిలిపేది ఫాదరీ భయంలోని నిజాయితీ. మనకంటే మంచివాళ్ళు మన దేవుడు లేకుండానే మంచివాళ్ళయితే మన మతం దేనికన్న ప్రశ్నను అతడు దాటవేయలేదు, దాని కింద నలిగాడు.

ఆర్థర్ సి. క్లార్క్ 1955లో రాసిన చిన్న కథలోనూ ప్రధాన పాత్ర జెస్యూటే, ఖగోళ శాస్త్రవేత్త. ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం దగ్గరికి వెళ్ళిన ఓడకు, ఆ పేలుడులో దహించుకుపోయిన ఒక నాగరికత తన జ్ఞాపకాలను దాచుకున్న గది దొరుకుతుంది. వారు సౌందర్యం తెలిసినవారు, తమ అంతం ముందే తెలుసుకున్నవారు. ఆ ఫాదరీ లెక్క వేసి చూస్తే, ఆ పేలుడు వెలుగు భూమికి చేరిన కాలం బెత్లెహేము మీద నక్షత్రం కనబడిన కాలంతో సరిపోతుంది. జ్ఞానులకు దారి చూపిన వెలుగు కోసం ఒక జాతి మొత్తం కాలిపోవాలా? ఇక్కడ ప్రశ్న రక్షణ వారికి వర్తిస్తుందా అన్న దగ్గర ఆగలేదు. మన పండుగకు వెల ఎవరు చెల్లించారన్న దాకా వెళ్ళింది.

ఇన్ని కథల్లో జెస్యూట్లే ఎందుకు? ఒక కారణం, వారిలో నిజంగానే ఖగోళ శాస్త్రజ్ఞులు ఉన్నారు, వాటికన్ వేధశాల నేటికీ వారి చేతిలోనే ఉంది. రెండో కారణం చరిత్రలో ఉంది. పదహారో శతాబ్దం నుంచి తెలియని సముద్రాలు దాటి, తెలియని భాషలు నేర్చుకుని, తెలియని మనుషుల మధ్య నివసించిన అనుభవం వారిది. గ్రహాంతర జీవికి ఆత్మ ఉందా అన్న ప్రశ్నను యూరప్ ఒకసారి నిజంగా ఎదుర్కొంది, అప్పుడు ఆ జీవి అమెరికా ఖండపు ఆదివాసి. వారు బుద్ధి గలవారేనని, వారి స్వేచ్ఛనూ ఆస్తినీ హరించరాదని 1537లో పోప్ మూడో పాల్ ప్రకటించాల్సి వచ్చింది, అయినా 1550, 51 సంవత్సరాల్లో స్పెయిన్‌లోని వల్లడోలిడ్‌లో పండితులు మళ్ళీ అదే వాదనకు కూర్చున్నారు. ఈలోగా ఆ మనుషులు యుద్ధాలతో, వెట్టితో, మశూచితో లక్షల్లో చనిపోతూనే ఉన్నారు.

మానవశాస్త్రం చదివిన మేరీ డోరియా రసెల్ 1996 నాటి తన నవలలో ఈ చరిత్రనే నక్షత్రాల మధ్యకు తీసుకువెళ్ళింది. ఒక గ్రహం నుంచి పాటలు వినబడతాయి. ప్రభుత్వాలు తర్జనభర్జన పడుతుండగానే జెస్యూట్లు ఓడ సిద్ధం చేసుకుని బయలుదేరతారు, మతం మార్చడానికి కాదు, దేవుని బిడ్డల్ని తెలుసుకోవడానికి. అంతటి మంచి మనసుతో వెళ్ళినవారు అక్కడ తమ తిండి కోసం తోటలు వేస్తారు. చూసి నేర్చుకున్న అక్కడి సాధు జాతి కూడా తోటలు వేసుకుంటుంది, తిండి పెరిగి పిల్లలు ఎక్కువవుతారు, ఆ జాతిని మంద లెక్కన అదుపులో ఉంచుకుని తినే పాలక జాతి వచ్చి ఊచకోత కోస్తుంది. ఒక్కడే బతికి తిరిగి వచ్చిన ఎమీలియో శాండోజ్ చేతులు ఛిద్రమై, దేహం చెరచబడి, తనను ప్రేమతో అంత దూరం నడిపించిన దేవుడే ఇది చేశాడా, లేక అసలెవరూ నడిపించలేదా అన్న రెండు జవాబుల మధ్య కొట్టుమిట్టాడతాడు. తండ్రికి తెలియకుండా ఒక్క పిచ్చుకైనా నేలరాలదన్న సువార్త వాక్యం ఈ కథకు ప్రాణం. తెలిసినా పిచ్చుక రాలుతూనే ఉంది కదా అని ఆ కథ అంటుంది.

వాటికన్ వేధశాలవారు నిజ జీవితంలో మాట్లాడినప్పుడు ఇంత చీకటి ఉండదు. 2008లో నాటి సంచాలకుడు ఫాదర్ హోసే గాబ్రియేల్ ఫునెస్ గ్రహాంతర జీవి మన సోదరుడేనన్నాడు. ఆ తర్వాత సంచాలకుడైన బ్రదర్ గై కాన్సొల్మాగ్నో గ్రహాంతరవాసికి జ్ఞానస్నానం ఇస్తారా అని అడిగితే, వారు అడిగితేనే అని చెప్పాడు. 2014 మే నెలలో పోప్ ఫ్రాన్సిస్ పిల్లలు బొమ్మలేసినట్టు పొడుగు ముక్కుతో, పెద్ద చెవులతో ఉండే పచ్చటి మార్షియన్లు వచ్చి జ్ఞానస్నానం అడిగితే ఏం చేద్దామని తన ప్రసంగంలో ప్రశ్నించాడు. ఆ మాటను పత్రికలు వింతగా ప్రచురించాయి గాని, ఆయన వివరిస్తున్నది బైబిల్లో పేతురు యూదులు కానివారిని తొలిసారి చేర్చుకున్న ఘట్టం. తలుపు మూయడానికి నేనెవరిని అన్న పేతురు మాటకు మార్షియన్ ఒక ఉదాహరణ.

ఇస్లాంకు తిరిగి వస్తే, ఖుర్ఆన్ ఆరంభంలోనే దేవుడు సకల లోకాలకు ప్రభువు. నలభై రెండో సూరా ఇరవై తొమ్మిదో వాక్యం ఆకాశాల్లోనూ భూమిలోనూ దేవుడు వ్యాపింపజేసిన జీవరాశుల గురించి, తలచినప్పుడు వాటిని ఒకచోట చేర్చగల ఆయన శక్తి గురించి చెబుతుంది. పన్నెండో శతాబ్దపు ఫఖ్రుద్దీన్ రాజీ ఈ లోకానికి అవతల వేలవేల లోకాలను సృష్టించే శక్తి దేవునికి ఉందని అరిస్టాటిల్ అనుయాయులతో వాదించాడు. ఏడు భూముల్లో ప్రతిదాంట్లో ఒక ఆదం, ఒక నూహ్, ఒక ఇబ్రాహీం ఉన్నారని ప్రవక్త సహచరుడైన ఇబ్నె అబ్బాస్ పేరిట ఒక ఉల్లేఖనం ఉంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీద దేవబంద్ మదరసా స్థాపకుల్లో ఒకరైన ఖాసిం నానోత్వీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు, దాని మీద ఉత్తర భారతంలో చెలరేగిన వివాదం తరాల పాటు చల్లారలేదు. ఇక్కడ కూడా జీవులు ఉండడం సమస్య కాలేదు, అంతిమత్వం ఎవరిదన్నదే సమస్య అయింది.

బౌద్ధం లోకాలను వేల వేలుగా లెక్కించింది, వెయ్యిని వెయ్యితో, మళ్ళీ వెయ్యితో హెచ్చించినన్ని లోకాల సముదాయం దాని త్రిసాహస్ర లోకధాతువు. అయినా ఒకే లోకధాతువులో ఒకేసారి ఇద్దరు బుద్ధులు పుట్టరన్న నియమం పాళీ సుత్తాల్లో ఉంది. ఎందుకని మిళిందుడనే రాజు అడిగితే, ఒక్క మనిషిని మోసే పడవలోకి రెండో మనిషి ఎక్కితే మునిగిపోతుందని నాగసేనుడనే భిక్షువు జవాబిచ్చాడు. ఇతర దిక్కుల్లో, ఇతర లోకాల్లో ఇదే సమయాన బుద్ధులు ఉన్నారని వాదించినవారు మహాసాంఘికులనే ప్రాచీన బౌద్ధ శాఖవారు. వారి శాఖలే అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ స్తూపాలు కట్టించిన చైత్యక, అపరశైల సంప్రదాయాలు. లోకానికొక బుద్ధుడన్న ఊహ కృష్ణా తీరానికి కొత్తది కాదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను.

హిందూ సంప్రదాయం సంగతి వచ్చేసరికి మనవాళ్ళు సాధారణంగా, మాకు ఇది సమస్యే కాదు, మా స్వామి అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. భాగవతం దశమస్కంధంలో బ్రహ్మ కృష్ణుడితో, గవాక్షంలోంచి ధూళికణాలు పోయినట్టు నీ రోమకూపాల్లోంచి లెక్కలేని బ్రహ్మాండాలు వచ్చిపోతుంటాయి, ఏడు జానల దేహం గల నేనెక్కడ, నీవెక్కడ అంటాడు. మనిషి కానివాడికి మోక్షమా అన్న ప్రశ్న శ్రీకాళహస్తి పేరు తెలిసినవారికి వింతగా తోచదు, ఆ పేరులోనే ఒక సాలెపురుగు, ఒక పాము, ఒక ఏనుగు ఉన్నాయి. "లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది" అని పోతన చెప్పించింది మొసలి నోట చిక్కిన ఏనుగు చేతనే. లోకాలూ లోకవాసులూ నశించిన తర్వాతి చీకటికి అవతల వెలిగేవాణ్ణి అది పిలుస్తోంది.

అయితే మన దగ్గర కూడా కేంద్రం పూర్తిగా చోటు లేనిది కాదు. పురాణాల ప్రకారం కర్మభూమి భారతవర్షమే, మిగిలినవి భోగభూములు, స్వర్గంలోని దేవతలు కూడా ఇక్కడ పుట్టాలని కోరుకుంటారు. నరజన్మ దుర్లభమని, ముక్తికి అదే ద్వారమని మన ఆచార్యులు పదే పదే చెప్పారు. ఇంకో నక్షత్రం చుట్టూ తిరిగే బుద్ధిజీవి పుట్టుక నరజన్మ కింద లెక్కా, భోగజన్మ కింద లెక్కా? అక్కడ చేసిన కర్మ అక్కడే ఫలిస్తుందా, ఒక జీవుడు ఆ గ్రహం నుంచి ఈ గ్రహానికి జన్మ మారగలడా? పునర్జన్మను నిజంగా నమ్మేవారికి ఇవి ఊసుపోక అడిగే ప్రశ్నలు కావు, వీటిని మనం ఇంకా శ్రద్ధగా అడగలేదు. పురాణాల లోకాలు సాధనకూ పుణ్యానికీ సంబంధించిన అంతస్తులే గాని టెలిస్కోపుకు అందే గ్రహాలు కావు. వాటిని చూపించి మనవాళ్ళకు ముందే తెలుసనడం ఇటు పురాణానికీ న్యాయం చేయదు, అటు శాస్త్రానికీ చేయదు. ఋషుల నాటిదని చెప్పే వైమానిక శాస్త్రాన్ని 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి, అది ఇరవయ్యో శతాబ్దపు రచన అని, అందులోని యంత్రాలు ఎగరలేవని తేల్చారు. దేవతలంటే నిజానికి గ్రహాంతర యాత్రికులేనని 1968 నుంచి ప్రచారంలోకి వచ్చిన వాదం కూడా ఇటువంటిదే, అది దేవుణ్ణి ఇంజినీరు స్థాయికి దించుతుంది, ప్రాచీనుల చేతిపనిని వారికి దక్కకుండా చేస్తుంది. గ్రహాంతరవాసుల చుట్టూనే మతం కట్టుకున్నవారూ ఉన్నారు. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో, తోకచుక్క వెనక వస్తున్న ఓడ తమను తీసుకువెళుతుందని నమ్మి 39 మంది ప్రాణాలు తీసుకున్నారు.

మన దేశపు సినిమా ఈ ప్రశ్నను ఎలా పట్టుకుందో ఒక్క మాటలో చెప్పాలి. 2014లో వచ్చిన హిందీ చిత్రం 'పీకే'లో భూమికి వచ్చిన గ్రహాంతరవాసి తన పోయిన వస్తువు కోసం గుడికి, చర్చికి, దర్గాకు తిరుగుతాడు. నీ దేవుడు నాకూ దేవుడేనా అన్న దగ్గర అతడు ఆగడు, నీకూ దేవుడికీ మధ్య కూర్చున్నవాడు ఎవడని అడుగుతాడు.

ఇక ఆకాశంలో ఇప్పటిదాకా కనబడింది ఏమిటి? సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ కనిపెట్టారు. ఇప్పుడు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే ధ్రువీకృత గ్రహాల లెక్క 6,000 దాటింది. జీవం మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కే2-18బి అనే గ్రహం వాతావరణంలో, భూమి మీద సముద్ర సూక్ష్మజీవులు విడిచే ఒక వాయువు జాడ కనబడినట్టుందని 2025 ఏప్రిల్‌లో నిక్కు మధుసూదన్ బృందం ప్రకటిస్తే, ఇతర బృందాలు అదే సమాచారాన్ని మళ్ళీ విశ్లేషించి సందేహం తెలిపాయి. మొదట దొరికేది ఇటువంటిదే కావచ్చు, వర్ణపటంలో ఒక గీత, ఒక బురద పొర, ఒక కణం. దానికి పాపం లేదు, జ్ఞానస్నానం అడగదు, ప్రవక్త ఎవరని వాదించదు. ఇన్ని శతాబ్దాల వాదాలూ ఇంత సాహిత్యమూ మాట్లాడే జీవి కోసమే సిద్ధమయ్యాయి.

మాట్లాడని జీవి గురించి ముందే ఆలోచించి పెట్టుకున్న సంప్రదాయం ఒకటుంది. జైనం జీవులను ఇంద్రియాల లెక్కన విభజించి, స్పర్శ ఒక్కటే గల ఏకేంద్రియ జీవులను నీటిలోనూ మట్టిలోనూ గాలిలోనూ చూసింది. నిగోదాలనే, కంటికి కనబడని అతి సూక్ష్మ జీవులలో కూడా ఒక్కొక్కదానికి ముక్తి పొందదగిన ఆత్మే ఉందన్నది. ఆ జీవులకు హాని కలగకూడదనే జైన సాధువుల్లో కొన్ని శాఖలవారు నోటికి గుడ్డ కట్టుకుంటారు. కనబడని ప్రాణికి, ఉందో లేదో తెలియని ప్రాణికి మనం బాధ్యులమా అన్నది వారి ప్రశ్న.

కాసినీ అనే వ్యోమనౌకను 1997 అక్టోబరులో ప్రయోగించారు. శని చుట్టూ పదమూడేళ్ళు తిరిగి, ఎన్సెలాడస్ అనే ఉపగ్రహం మంచు పొర కింద సముద్రం ఉందని, అది పగుళ్ళలోంచి నీటి ఆవిరిని ఎగజిమ్ముతోందని అది చూపించింది. ఇంధనం అయిపోవచ్చింది. అదుపు తప్పిన నౌక ఎప్పటికైనా ఎన్సెలాడస్ మీదో మరో ఉపగ్రహం టైటన్ మీదో కూలితే, దానికి అంటుకుని వెళ్ళిన భూమి సూక్ష్మజీవులు అక్కడి నీటిలో చేరవచ్చు, అక్కడ ఏదైనా బతుకుతూ ఉంటే దానికి ముప్పు కావచ్చు. 2003లో గురుగ్రహపు ఉపగ్రహం యూరోపాను కాపాడడం కోసం గెలీలియో నౌకను గురుగ్రహంలోకి దించినట్టే, 2017 సెప్టెంబర్ 15న శాస్త్రవేత్తలు కాసినీని శని వాతావరణంలోకి నడిపించారు. చివరి సంకేతం అందిన తర్వాత నియంత్రణ గదిలో లేచి నిలబడినవారు ఒకరినొకరు కౌగిలించుకున్నారు.